పొలం కౌలు తేల్చిన ఫోన్ సౌకర్యం

"కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నాక మీరు అనుకోకుండా కనుగొన్న, నిజంగా పనికొచ్చిన సౌకర్యం ఏది?" అన్న ఈ ప్రశ్నకు ఇప్పటికే చాలామంది స్క్రీన్‌షాట్ తీసే పద్ధతుల గురించీ, పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే తెరుచుకునే కెమెరా గురించీ రాశారు. అవి పనికొచ్చేవే, కాదనను. కానీ ఫోన్‌లో అత్యంత విలువైన సామగ్రి అంతా సెట్టింగ్స్‌లో వినికిడి, చూపు వంటివి తగ్గినవారి కోసం పెట్టిన 'యాక్సెసిబిలిటీ' అనే ఒకే విభాగంలో ఉందనీ, అది తమకు సంబంధించినది కాదనుకుని నూటికి తొంభై మంది దాన్ని తెరవకుండానే ఫోన్ మార్చేస్తారనీ నా గట్టి నమ్మకం. అందులో మాటలను అప్పటికప్పుడు తెలుగు అక్షరాలుగా చూపించే 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' అనేది మా ఇంట్లో ఏం చేసిందో చెప్తాను.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. తెనాలి వైపు ఒక పల్లెలో ఉంటారు. కొన్నేళ్లుగా ఆయనకు వినికిడి బాగా తగ్గింది. పాత ఫోన్ పాడైతే కొత్తది కొనడానికి గుంటూరులో ఒక దుకాణానికి తీసుకెళ్లాను. ఆయనకు చెవి సరిగా వినపడదనీ, అక్షరాలు పెద్దవిగా కనిపించాలనీ ముందే చెప్పాను. అయినా అక్కడి కుర్రవాడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, సెల్ఫీలో ముఖం ఎంత నున్నగా వస్తుందో చూపించి, చివరికి స్పీకర్ శబ్దం పూర్తిగా పెంచి ఒక పాట పెట్టాడు. అడిగిన అవసరానికి సరిపోయేది అదే ఫోన్‌లో ఉన్న సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. డెబ్బై ఏళ్ల మనిషి చేతిలో పెట్టే వస్తువును పాతికేళ్ల వాడి కోసమే అన్నట్టుగా అమ్ముతున్నారు.

ఇంటికి వచ్చాక అక్షరాల పరిమాణం పెంచడానికి సెట్టింగ్స్‌లో కిందికి వెళ్తూ ఉంటే ఈ విభాగం కనబడింది. లైవ్ ట్రాన్‌స్క్రైబ్ తెరిచి, భాష తెలుగుగా పెట్టి, "నాన్నగారూ, కాఫీ తాగుతారా?" అని మామూలు గొంతుతోనే అన్నాను. ఆయన తెర చూశారు, నా ముఖం చూశారు, "చక్కెర తగ్గించమను" అన్నారు. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో మామూలు గొంతుతో అడిగిన ప్రశ్నకు ఆయన నుంచి సమాధానం వచ్చి ఉండదు.

అసలు సంగతి ఆ తర్వాతి ఆదివారం జరిగింది. పొలం కౌలు గురించి మాట్లాడడానికి మా చిన్నాన్న వచ్చారు. మాది మాగాణి. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు మాట్లాడుకోవడం మా వైపు ఆనవాయితీ. వినికిడి తగ్గినప్పటి నుంచి నాన్నగారికి ఒక అలవాటు పడింది. ఎదుటివాళ్లను మళ్లీ మళ్లీ చెప్పించడం ఇష్టం లేక, ఏ మాటకైనా తల ఊపి "సరే, అలాగే కానీండి" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని అంగీకారం కింద జమకట్టేవారు. ఇందులో మోసం ఏమీ లేదు. మనిషి సరే అన్నాక నమ్మకుండా ఎవరుంటారు?

అరుగు మీద ఇద్దరికీ మధ్య ఫోన్ పెట్టాను. చిన్నాన్న మాట్లాడడం మొదలుపెట్టగానే తెర మీద పదాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదట 'కాలు' అని పడిన మాట, వాక్యం ఇంకాస్త ముందుకు సాగగానే తనంతట తానే 'కౌలు'గా మారింది. "పద్దెనిమిది బస్తాలకు ఇచ్చేద్దాం అన్నయ్యా, పోయినసారి నువ్వు సరేనన్నావుగా" అన్నారు చిన్నాన్న. తెర మీద 18 అంకెల్లోనే వచ్చింది. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటిలాగే ఆ అంకె కింద వేలు పెట్టారు.

"పద్దెనిమిదా? నేనెప్పుడన్నానురా? పక్క చేను ఎంతకు పోయింది?"

ఆ ప్రశ్నకు చిన్నాన్న కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆయన నోట ఎదురు ప్రశ్న విని చాలా కాలమైంది. పక్క చేను ఇరవై రెండు బస్తాలకు పోయిందనీ, కానీ అది కాలవ గట్టునే ఉన్నందువల్ల నీటికి ఇబ్బంది లేదనీ చిన్నాన్న చెప్పారు. నాన్నగారు అంతా చదివారు. మన చేనికి నీరు ఏ బోదె నుంచి వస్తుందో, రెండో పంటగా మినుము వేస్తే కౌలుదారుకు ఎంత మిగులుతుందో ఆయన నోటిలెక్కే వేసి చెప్పారు. అన్నదమ్ములిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. మధ్యలో చిన్నాన్న నవ్వుతూ "ఈ ఫోన్ తెచ్చి మాకు పని పెట్టావురా" అన్నారు నాతో. ఆ మాట కూడా తెర మీద పడింది. నాన్నగారు చదివి తానూ నవ్వారు. చివరికి ఇరవై బస్తాలకు ఒప్పందం కుదిరింది. రెండు బస్తాల తేడా గురించి కాదు నేను చెప్పేది. తన పొలం గురించి ఆ ఇంటి పెద్ద తాను మాట్లాడి తేల్చుకున్నాడు, అదీ నాకు ముఖ్యం.

ఈ లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌ను గూగుల్ వాళ్లు 2019లో విడుదల చేశారు. చిన్ననాటి నుంచే వినికిడి లేని డిమిత్రి కనెవ్‌స్కీ అనే పరిశోధకుడు అక్కడ పనిచేస్తూ, తన రోజువారీ అవసరం నుంచే సహోద్యోగితో కలిసి దీనికి పునాది వేశారు. వినికిడి లేనివారి ఉన్నత విద్యకు పేరుపొందిన వాషింగ్టన్‌లోని గాలొడెట్ విశ్వవిద్యాలయం కూడా దీని తయారీలో భాగస్వామి. మొదటి నుంచీ 70కి పైగా భాషలలో పనిచేస్తోంది. తెలుగులో మాట్లాడితే రాసుకునే సౌకర్యాన్ని గూగుల్ 2017లోనే మరికొన్ని భారతీయ భాషలతో పాటు తెచ్చింది. పైసా ఖర్చు లేకుండా మన భాషలో ఇంతటి వస్తువు ఇన్నేళ్లుగా అందుబాటులో ఉన్నా, దీని గురించి మన టీవీలలో, పేపర్లలో చర్చ దాదాపు లేదంటే నాకు బాధగా ఉంటుంది. యూట్యూబ్‌లో 'మీ ఫోన్‌లోని పది రహస్యాలు' అనే వీడియోలు మాత్రం లెక్కకు మించి ఉన్నాయి. వాటిలో స్టార్, హాష్ కోడ్‌లే రహస్యాలు.

వినికిడి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకే పెద్దవాళ్ల మీద అరుస్తూ ఉంటాం. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది కీచుగా ఉండే హెచ్చు స్థాయి (హై ఫ్రీక్వెన్సీ) శబ్దాలు. అచ్చుల కంటే స, శ, త వంటి హల్లులు ఆ స్థాయిలో ఎక్కువగా ఉంటాయి కనుక, ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం అంటున్నారో తేలదు. గొంతు పెంచినందువల్ల అచ్చులే ఇంకా గట్టిగా వినబడతాయి, హల్లులు మాత్రం అలాగే మసకగా ఉంటాయి. పైగా అరిచేవాడి ముఖం కోపంగా కనబడుతుంది. నాన్నగారికి చెవి మిషను ఉంది, కానీ నలుగురూ కూర్చున్న చోట ఫ్యాను శబ్దం, గిన్నెల చప్పుడు అన్నీ కలిపి వినిపిస్తుందని తీసి పక్కన పెట్టేస్తారు. అందుకని చెవి మిషను వద్దని ఎవరూ అనుకోకూడదు. డాక్టరు చెప్పినట్టు అది వాడుతూనే ఉండాలి, చాలని చోట అక్షరం తోడు వస్తుంది.

ఆసుపత్రిలో నాకు మరో కోణం అర్థమైంది. అక్కడ డాక్టర్లు సాధారణంగా రోగిని వదిలేసి పక్కనున్న కొడుకుతోనో కూతురితోనో మాట్లాడతారు. తన కడుపునొప్పి గురించి తన ముందే ఇద్దరు మాట్లాడుకుంటుంటే మౌనంగా కూర్చోవడం ఏ మనిషికైనా అవమానమే. ఇప్పుడు ఫోన్ డాక్టరు బల్ల మీద ఉంటుంది, డాక్టరు నాన్నగారి వైపు తిరిగి మాట్లాడతారు. అందులో సంభాషణను దాచుకునే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని ఆన్ చేసుకుంటే మూడు రోజుల వరకు ఆ మాటలు ఉంటాయి గనుక, ఏ మాత్ర భోజనానికి ముందు, ఏది తర్వాత అని ఇంటికి వచ్చి మళ్లీ చూసుకోవచ్చు. మందు పేరు, మోతాదు విషయంలో మాత్రం తెరను నమ్మకుండా చీటీయే చూసుకోవాలి. బ్యాంకు కౌంటర్లలో, ట్రెజరీ ఆఫీసుల్లో, రైల్వే బుకింగ్ దగ్గర అద్దం వెనక నుంచి మాట్లాడే ప్రతి చోటా ఒక తెర మీద ఇలా మాటలు కనబడే ఏర్పాటు ఉండి తీరాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో వినికిడి లోపం కూడా ఉంది. ఇంత చవకైన పరికరం చేతిలో ఉండగా పింఛనుదారులు ఇంకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎందుకు నిలబడాలి?

అదే విభాగంలో 'సెలెక్ట్ టు స్పీక్' ఉంది. చూపు మందగించిన మా అమ్మ దాన్ని వాడుతుంది. వాట్సాప్‌లో వచ్చిన పొడవాటి తెలుగు సందేశం మీద నొక్కితే ఫోనే చదివి వినిపిస్తుంది. ఇక ప్రమాద సమయంలో సహాయం పిలిచే ఏర్పాటు సంగతి. 2017 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే మొబైళ్లలో అత్యవసర బటన్ ఉండాలని కేంద్రం నిబంధన చేసింది. ఇప్పటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను వరుసగా 5 సార్లు నొక్కితే 112కు కాల్ వెళ్లేలా పెట్టుకోవచ్చు. తాళం వేసి ఉన్న తెర మీదే రక్త గ్రూపు, ఇంటివాళ్ల నంబరు కనబడేలా కూడా నింపుకోవచ్చు. ఒంటరిగా ఉండే తల్లిదండ్రుల ఫోన్‌లో ఇవి నింపకుండా పిల్లలు ఊరు వదిలి వెళ్లకూడదని నా అభిప్రాయం.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. యాక్సెసిబిలిటీ అనుమతి చాలా శక్తిమంతమైనది. ఆ అనుమతి పొందిన యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు తానే బటన్లు నొక్కగలదు. ట్రాఫిక్ చలానా అనో, ప్రభుత్వ పథకం డబ్బులనో చెప్పి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఫోన్‌లో ఎక్కించేవి) పంపే మోసగాళ్లు కోరేది తరచుగా ఈ అనుమతినే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి అలా బయటి నుంచి దించుకున్న యాప్‌లకు ఇది సులభంగా దొరకకుండా కట్టడి చేశారు, అయినా దాన్ని దాటించే దారి చూపించి మరీ నొక్కిస్తారు. కనుక ఆ విభాగంలో ఫోన్‌తో వచ్చినవీ, ప్లే స్టోర్ నుంచి మీరు తెలిసి తెచ్చుకున్నవీ తప్ప మరేదీ ఆన్‌లో ఉండకూడదు. పెద్దవాళ్ల ఫోన్ చేతికి వచ్చినప్పుడల్లా అది ఒకసారి చూడండి.

ఇంట్లో ఎవరికైనా పెట్టివ్వాలనుకుంటే: సెట్టింగ్స్‌లో కనిపించకపోతే ప్లే స్టోర్‌లో లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అని వెతికితే దొరుకుతుంది. మొదటి భాష తెలుగు, రెండో భాషగా ఇంగ్లీషో హిందీయో పెట్టుకోవచ్చు. మైకు ఉన్న అడుగు అంచు మాట్లాడేవాళ్ల వైపు, తెర చదివేవాళ్ల వైపు ఉండేలా ఫోన్ పెట్టాలి. నెట్ బలహీనంగా ఉంటే మా దగ్గర అక్షరాలు ఆగిపోతున్నాయి గనుక వరండాలో సిగ్నల్ బాగున్న చోటు చూసుకున్నాం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే పదాలు కలగలిసిపోతాయి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతి ఇంట్లో అందరికీ అలవాటు చేయాలి. వాడేవాళ్ల పేరును అందులో నమోదు చేస్తే ఎవరైనా ఆ పేరు పలికినప్పుడు ఫోన్ వణికి తెలియజేస్తుంది. మా ఇంట్లో అందరూ "నాన్నగారూ", "తాతయ్యా" అనే పిలుస్తాం కనుక నేను ఆ రెండు పిలుపులనే అందులో నింపాను.