జీను వేస్తే కరుస్తున్న గుర్రం: వాతలు వద్దు, వెన్ను చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చంద్రగిరి దగ్గర. మామిడి తోట, పది ఆవులు ఉన్నాయి. మా అమ్మాయి జంపింగ్ పోటీల కోసం రెండేళ్ల కిందట, రేసులు మానిపించిన థరోబ్రెడ్ ఆడగుర్రాన్ని కొన్నాం. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మూడు నెలలుగా జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వస్తోంది, అడ్డుకర్ర దగ్గరకొచ్చి ఆగిపోతోంది. ఎక్స్‌రే తీసి కిస్సింగ్ స్పైన్స్ అన్నారు. నెల రోజులుగా కొట్టంలోనే కట్టేశాం. మేత ఆవులకు వేసే నేపియర్, తవుడే. వాతలు పెట్టించమని కొందరు, అమ్మేయమని కొందరు అంటున్నారు. మళ్లీ పోటీలకు పనికొస్తుందా?

జవాబు: వాతలు మాత్రం వద్దండీ. కాల్చిన చోట జీను ఒరుసుకుని పుండు పడుతుందే తప్ప లోపల ఎముకకు ఏ మేలూ జరగదు. ఇంకో మాట, అది మొండికేయడం లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందనే సామెత చెప్పి అమ్మాయి చేతికి కొరడా ఇచ్చేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, వాళ్ల మాట వినకండి.

గుర్రానికి ఛాతీ భాగంలో 18 వెన్నుపూసలు ఉంటాయి, ఒక్కోదాని మీద ముల్లులా ఎముక పైకి లేచి ఉంటుంది. సరిగ్గా జీను కూర్చునే చోట ఈ ముళ్లు దగ్గరై ఒకదానికొకటి రాసుకోవడమే మీ డాక్టరు చెప్పిన జబ్బు. థరోబ్రెడ్‌లలో ఇది ఎక్కువ. అయితే ఎక్స్‌రేలో ముళ్లు తగులుతున్నట్టు కనబడినా ఏ నొప్పీ లేకుండా పరిగెత్తే గుర్రాలు చాలానే ఉన్నాయి, అందుకని ఫిలిం చూసి భయపడి అమ్మేయకండి. ఆ ముళ్ల మధ్య ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తుమందు వేసి, ఎక్కి చూస్తే నడక మారిందా లేదా అన్నదే అసలు పరీక్ష. మారకపోతే నొప్పి ఇంకెక్కడో ఉన్నట్టు: వెనక కాలి కీళ్లలో కావచ్చు, కడుపులో అల్సర్ కావచ్చు (పట్టీ బిగించేటప్పుడు కరిచే గుర్రాల్లో ఇదీ చూడాలి), లేదా జీనే కారణం కావచ్చు.

నెలంతా కట్టేయడం మంచి ఉద్దేశంతోనే చేశారు గానీ దానివల్ల వీపు కండ ఇంకా కరిగిపోతుంది. వెన్నును మోసేది కండే కదా. రేపటి నుంచే రోజూ నడిపించండి, మన ఎండలకు తెల్లవారుజామునే. మొదటి 6 నుంచి 8 వారాలు ఎవరూ ఎక్కొద్దు. క్యారెట్ ముక్క చూపించి తల ముందుకాళ్ల మధ్యకు, ఛాతీ దగ్గరకు, ఇటు పక్క తుంటి దాకా, అటు పక్క తుంటి దాకా మెల్లగా తిప్పించండి, ఒక్కో వైపు ఐదుసార్లు, వారానికి ఐదు రోజులు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, మూడు నెలలు ఇలా చేయిస్తే వెన్నుపూసలను పట్టి ఉంచే లోపలి కండ పెరిగినట్టు పరిశోధనలో స్కాన్ తీసి చూశారు. తర్వాత తాడు మీద పెద్ద వలయంలో తిప్పండి, తల కిందికి చాపి నడిచేలా. తల పైకెత్తితే వీపు కుంగి ముళ్లు ఇంకా దగ్గరవుతాయి. నేల మీద కర్రలు పరిచి దాటించడం, తోటలో చిన్న ఎత్తుపల్లాలు ఎక్కించడం ఆపైన.

ఇక మేత. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు, తవుడులో భాస్వరం ఎక్కువ. ఆవు తట్టుకుంటుంది గానీ ఇదే రోజూ తింటే గుర్రం ఎముకలు గుల్లబారతాయి. మెల్లమెల్లగా లూసర్న్‌కి, మంచి ఎండుగడ్డికి మార్చండి. వేరుశనగ కట్టె వేస్తే బూజు, ఇసుక లేకుండా దులిపి వేయండి, లేదంటే కడుపునొప్పి ఖాయం. పని లేని రోజుల్లో దాణా తగ్గించాలి.

నొప్పి మందు మీ అంతట మీరు వేయకండి. మెడికల్ షాపులో మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ అసలే వద్దు, రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు. గుర్రాలకు వాడే ఫినైల్‌బ్యుటజోన్ కూడా ఎక్కువైతే అల్సర్లు, కిడ్నీ దెబ్బతినడం ఉంటుంది, పైగా పోటీల్లో డోపింగ్ పరీక్ష చేస్తారు. ముళ్ల మధ్య స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని నెలలు ఉపశమనం ఉంటుంది. ఆ వ్యవధిని వ్యాయామానికి వాడుకోవాలి, నొప్పి తగ్గింది కదా అని మర్నాడే దూకించడానికి కాదు. ఇవేవీ పనిచేయకపోతే ముళ్ల మధ్య లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కోసే ఆపరేషన్ ఉంది, చాలా గుర్రాలు దాని తర్వాత తిరిగి పనిలోకి వచ్చాయి. అయినా ఆపరేషన్ తర్వాత కూడా ఈ క్యారెట్ల పని తప్పదు.

పోటీలకు పనికొస్తుందా అంటే, రావచ్చు, కానీ ఈ సీజన్ వదిలేయండి. అమ్మాయికి కాస్త టెన్షన్‌గానే ఉంటుంది, తెలుసు. మళ్లీ ఎక్కేటప్పుడు మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 15 శాతం దాటకుంటే మేలు, అంటే 450 కిలోల గుర్రానికి 67 కిలోలు. ఒకవేళ అమ్మాలనుకుంటే ఎక్స్‌రే కొనేవాళ్లకు చూపించే అమ్మండి, దాస్తే ఆ గుర్రం మీద నుంచి పడేది ఇంకొకరి బిడ్డ.

ఈలోపు తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఒకసారి రండి. ఫిలింతో పాటు జీను కూడా తెండి, చాలామంది దాన్ని ఇంట్లోనే వదిలేసి వస్తారు.