విద్యార్థుల కళా ప్రదర్శనకు పంపడం వృథా ఖర్చా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. ప్రింట్‌మేకింగ్, అంటే పలక మీద బొమ్మ తయారుచేసి కాగితంపై ముద్రించే కళ, ఇష్టం. న్యాయనిర్ణేతలు ఎంపిక చేసే ప్రదర్శనలో విద్యార్థుల విభాగానికి తన పనులు పంపుతానంటోంది. ప్రవేశ రుసుము, ఫ్రేములు, రవాణా కలిపి ఖర్చు బాగానే అయ్యేలా ఉంది. దీనివల్ల కెరీర్‌కు ప్రయోజనం ఉంటుందా?
- ఒక తండ్రి

జవాబు: ఉంటుంది, పంపనివ్వండి. కాకపోతే ముందుగా ఆ ప్రదర్శన ఎలాంటిదో చూసుకోండి. 1888లో ఏర్పడిన బాంబే ఆర్ట్ సొసైటీ వంటి పాత సంస్థల వార్షిక ప్రదర్శనల్లో విద్యార్థులకు ప్రత్యేక విభాగం ఉంటుంది. అక్కడ ఎంపిక కావడానికి కళారంగంలో విలువ ఉంది. రుసుము కట్టిన ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్ ఇచ్చి, న్యాయనిర్ణేతలెవరో కూడా చెప్పని ప్రదర్శనలు కొన్ని ఉంటాయి. వాటికి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. తిరస్కరించే అవకాశమే లేని చోట ఎంపికకు అర్థం లేదు. ఎంపిక కాకపోతే రుసుము తిరిగిస్తారా, పనులను వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, దారిలో దెబ్బతింటే బాధ్యత ఎవరిది, అమ్ముడైతే కమిషన్ ఎంత అన్నవి నిబంధనల్లో చదివాకే డబ్బు కట్టండి.

సాధారణంగా తొలి వడపోత ఫొటోలను చూసే జరుగుతుంది. వందలాది చిత్రాలు వరుసగా తెర మీదికి వచ్చే ఆ దశలో ఒక్కో పనికి దక్కేది కొద్ది క్షణాలే కాబట్టి, ఎంత మంచి ఎచింగ్ (లోహపు పలకను ఆమ్లంతో కొరికించి తీసిన ప్రింటు) అయినా ఫ్లాష్ మెరుపుతో, వంకరగా తీసిన ఫొటోలో తేలిపోతుంది. ఫ్రేము బిగించక ముందే, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో, కాగితం నాలుగు అంచులూ కనిపించేలా ఫొటో తీయమనండి. ప్రింటు కింద పెన్సిలుతో ఎడమవైపు 3/10 వంటి ఎడిషన్ సంఖ్య (పది ప్రతుల్లో మూడోదని అర్థం), మధ్యలో శీర్షిక, కుడివైపు సంతకం ఉండటం ఆనవాయితీ. ఆ చిన్న అంచును చూసే అనుభవజ్ఞులు విద్యార్థి క్రమశిక్షణను అంచనా వేస్తారు. రవాణాలో పగిలే గాజుకు బదులు ఆక్రిలిక్ షీటు వేయించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యం పనుల ఎంపిక. తరగతిలో ఇచ్చిన అభ్యాసాన్ని ఎంత చక్కగా చేసినా దానిలో అధ్యాపకుల చేయి కనిపిస్తుంది. మీ అమ్మాయి తనంతట తాను పట్టుకున్న విషయం మీద, ఒకదానితో ఒకటి సంబంధమున్న రెండు మూడు ప్రింట్లు పంపితే ఆమె ఆలోచన న్యాయనిర్ణేతలకు అందుతుంది.

ఉద్యోగం ఇప్పించే శక్తి ఈ ఎంపికకు లేదు. అయితే బరోడా, శాంతినికేతన్, హైదరాబాద్ వంటి చోట్ల ఎంఎఫ్‌ఏ వంటి పీజీ కళా కోర్సులకు ప్రయత్నించేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో (తన పనుల సంకలనంలో) అది బలమైన అంశమవుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులోనూ చూపుకోవచ్చు. ఎంపిక కాకపోయినా, తీసిన ఫొటోలు, రాసిన పరిచయ వాక్యాలు, కొలతల వివరాలు ఈ దరఖాస్తులన్నిటికీ పనికొస్తాయి. కనుక ఫ్రేముల ఖర్చు ఎంపిక ఫలితం వచ్చేదాకా ఆపుకొని, ఈ నెలలోనే ఆ ఫొటోల పని మొదలుపెట్టించండి.