మత్తుకు ముందు ఏం రాశారు? కేస్‌షీట్ అడిగే హక్కు మీకుంది

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేశారు. పెన్సిలిన్ పడదని చేర్చిన రోజే నర్సుకు చెప్పాం. థియేటర్‌లో ఏదో ఇంజెక్షన్ పడక బీపీ పడిపోయి, నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. ఇప్పుడు బాగానే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం ‘అలర్జీలు లేవు’ అని రాశారు. కేస్‌షీట్ అడిగితే అది ఆసుపత్రిది, ఇవ్వం అంటున్నారు. నాతో ఖాళీ ఫారాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారు. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుందో లేదో కేస్‌షీట్ చూడందే ఎవరూ చెప్పలేరమ్మా. ముందు అది మీ చేతికి రావాలి. అసలు ఫైలు ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ కాపీలు పొందే హక్కు రోగిది. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగి గానీ, ఆమె అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ డాక్టరుపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దరఖాస్తు మీద అమ్మగారి సంతకమే ఉండాలి. ఒక కాపీ మీద ఆసుపత్రి స్టాంపు, తేదీ వేయించుకోండి.

‘కేస్‌షీట్ కావాలి’ అని ఊరికే రాయకండి. నర్సింగ్ అసెస్‌మెంట్ షీటు, మత్తు డాక్టరు చేసిన పీఏసీ (మత్తుకు ముందు చేసే పరీక్ష) ఫారం, అనస్తీషియా (మత్తు) చార్టు, మందులిచ్చిన షీటు, కన్సెంట్ (సమ్మతి) ఫారాలు అని పేరుపేరునా అడగండి. నర్సింగ్ షీటులో, పీఏసీలో అలర్జీల గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే అసలు అడగనే లేదని వాదించొచ్చు. నర్సు ‘పెన్సిలిన్’ అని రాసి, పీఏసీలో ‘లేవు’ అని ఉంటే మీ కేసు చాలా బలపడుతుంది. రెండింట్లోనూ ‘లేవు’ అని ఉంటే మీరు చెప్పారని మీరే రుజువు చేయాలి. అమ్మగారి పాత చీటీల్లో ఎక్కడైనా ఆ అలర్జీ రాసి ఉందేమో ఇప్పుడే వెతకండి. థియేటర్‌లో ఇచ్చిన మందు పెన్సిలిన్ జాతిదేనా అన్నది కూడా తేలాలి. అది మందుల షీటులోనే తెలుస్తుంది.

టైములు తప్పకుండా చూడండి. నేను చూసిన ఒక కేసులో పీఏసీ ఫారం మీద 10:40 అని ఉంది. చార్టులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది 10:25కి. అంటే మత్తిచ్చాక తీరిగ్గా నింపిన కాగితం అది. బీపీ, షుగరు, అలర్జీ, ఎప్పుడు తిన్నారు అన్న గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో టిక్కులు. మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి రాసిన కాగితం అలా ఉండదు. మత్తుకు ముందు అడిగే ఆ పది నిమిషాల మాటలే ఒక ప్రాణాన్ని కాపాడతాయి. అందుకే ఇలాంటివి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

రికార్డు పోయిందంటే భయపడకండి. తమ దగ్గర ఉండాల్సిన కాగితం చూపించని వాళ్లపై, అది వాళ్లకు వ్యతిరేకంగా ఉందని కోర్టు భావించవచ్చు. సాక్ష్య చట్టంలోనే ఆ వీలుంది.

సంతకాల సంగతి. అమ్మగారు స్పృహలో ఉన్నారు, మేజరు. ఆమె సమ్మతి ఆమే ఇవ్వాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే: రోగి మత్తులో ఉండగా ఆ రోగి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లలేదు. అయితే మీ కేసుకు ప్రాణం అలర్జీ రికార్డే. సంతకం దానికి తోడు మాత్రమే.

క్రిమినల్ కేసు జోలికి వెళ్లొద్దని నా సలహా. అక్కడ తీవ్రమైన నిర్లక్ష్యం చూపాలి, అది కష్టం. వినియోగదారుల జిల్లా కమిషన్ మీకు సరైన చోటు. గడువు రెండేళ్లు. ఆసుపత్రులు ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు ఉంచితే చాలు కాబట్టి, దరఖాస్తు ఈ వారమే ఇచ్చేయండి. కాపీలు వచ్చాక వేరే ఆసుపత్రిలోని ఒక మత్తు డాక్టరుకు చూపించి అభిప్రాయం రాయించుకోండి. ఫిర్యాదు ఆ తర్వాత రాద్దాం.