పొల్యూషన్ చీటీలో రెండు అంకెలుంటాయి, అల్లుడూ

అల్లుడూ,

బావ కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైందని నువ్వు నిన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఎవరో కార్బురేటర్ మీద గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ కొంచెం తిప్పితే పాసవుతుందన్నారట. ఇప్పుడే ఆ స్క్రూ జోలికి పోకు. ముందు వాళ్లిచ్చిన చీటీ తీసి చూడు.

అందులో సీవో (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోల్) అని రెండు అంకెలుంటాయి. మనది 1992 మారుతీ 800, గాలి, పెట్రోల్ కలిపే కార్బురేటర్ ఉన్న బండి. బీఎస్-2 అనే పొగ నిబంధన కంటే ముందొచ్చిన పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ నడుస్తున్నప్పుడు, సీవో 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 పాళ్లు) దాటకూడదు. సీవో పెరిగిందంటే గాలి తక్కువై పెట్రోల్ ఎక్కువ పోతోందని. సీవో తక్కువుండి హెచ్‌సీ ఒక్కటే పెరిగితే పెట్రోల్ కాలకుండానే బయటికి పోతోందని. అప్పుడు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పగిలిన వాక్యూమ్ పైపులు (ఇంజన్ పీల్పుకు కలిపిన సన్న రబ్బరు పైపులు) చూడాలి. రెండూ వేరే రోగాలు. స్క్రూ బిగిస్తే సీవో అంకె దిగొచ్చు గానీ రోగం అట్లనే ఉంటది, పైగా బండి జర్కులిస్తది.

నీ చీటీలో సీవో 4.8 ఉందన్నావు. అంటే పెట్రోల్ ఎక్కువైన రోగమే. చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించే చోక్ నాబ్ లోపలికి నెట్టినా కార్బురేటర్ దగ్గర ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుంటోందా? కేబుల్ పట్టేస్తే సగంలో ఆగిపోతది. ఎయిర్ ఫిల్టర్ తప్పకుండా విప్పు. మీ ఇల్లు ఎనుమాముల మార్కెట్ పక్కనే కదా, పత్తి సీజన్‌లో గాలిలో లేచే నూగంతా ఫిల్టర్ మడతల్లో చేరి మెత్తటి పరుపులాగా పేరుకుంటది. వేలితో గీకితే పొరలాగా ఊడొస్తది. పాతదాన్ని దులిపి మళ్లీ పెట్టకు, కొత్తది వెయ్.

ఇవి రెండూ బాగున్నా సీవో దిగకపోతే ఆయిల్ చూడు. చాలా ఏళ్ల కింద ఒక 800 నా చేతికొచ్చింది. రెండు రోజులు కార్బురేటర్ విప్పుతూ, బిగిస్తూ కూర్చున్న. జెట్లు కడిగిన, ఫ్లోట్ సరిచేసిన, అంకె కదల్లేదు. మూడో రోజు పొద్దున ఎందుకో ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున పెట్రోల్ వాసన! చుక్క వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలాగా జారింది. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగి పెట్రోల్ ఆయిల్‌లోకి కారుతోంది. ఆ ఆవిరి పీసీవీ పైపు (ఇంజన్ లోపలి పొగను మళ్లీ కాల్చడానికి పంపే పైపు) గుండా మళ్లీ ఇంజన్‌లోకే పోతోంది. పంపు మార్చి, ఆయిల్, ఫిల్టర్ మార్చినంక స్క్రూ ముట్టుకోకుండానే బండి పాసైంది. ఆ రోజు నుంచి డిప్‌స్టిక్ వాసన చూడకుండా నేను కార్బురేటర్ విప్పలేదు.

ఆ పీసీవీ పైపే తీసేయమనేవాళ్లుంటారు, వినకు. అది లేకపోతే ఇంజన్ లోపలి పొగ ఊరి గాలిలో కలుస్తది. దాని వాల్వ్ ఊపితే లోపల టకటక చప్పుడు రావాలి. రాకపోతే ఆయిల్ జిగురుతో పట్టేసినట్టే. కార్బురేటర్ క్లీనర్‌తో కడుగు, అప్పటికీ కదలకపోతే మార్చెయ్.

రబ్బరు పైపుల సంగతి కూడా చెప్తా. మే నెల ఎండకు, ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు పాత రబ్బరు తొందరగా పాడవుతది. ప్రతి పైపూ చివరి దాకా వంచి చూడు, పగుళ్లు వంపులోనే కనబడతయి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో వాక్యూమ్ పైపునూ దాని మొదలు దగ్గర వేళ్లతో నొక్కి పట్టు. నొక్కగానే ఇంజన్ చప్పుడు మారితే ఆ పైపునో, అది పోయే డయాఫ్రమ్‌నో అనుమానించు. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా, ఫుల్ చేతుల చొక్కా లేకుండా చెయ్. లీక్ కోసం పెట్రోల్ చల్లి చూసేవాళ్లను నేను కళ్లారా చూసిన, అగ్గి అంటుకుంటది. సిరంజితో నీళ్లు వేసినా తెలుస్తది.

ఇవన్నీ అయినంకే స్క్రూ. తిప్పే ముందు దాన్ని మెల్లగా మూస్తూ ఎన్ని చుట్లుందో రాసిపెట్టుకో. టెస్టుకు పోయే రోజు హనుమకొండ నుంచి కాజీపేట దాకా పోయి తిరిగి రా, ఇంజన్ బాగా వేడెక్కాలి. వచ్చినంక ఆపకుండా నేరుగా టెస్టు దగ్గరికి తీసుకుపో.

ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే ఫిల్టర్ విప్పు, ఆయిల్ వాసన చూడు. చూసినంక ఫోన్ చెయ్, చీటీలో హెచ్‌సీ అంకె కూడా చదివి వినిపించు. నిన్న అది చెప్పలేదు నువ్వు.

నీ మామ