సముద్రం లేని ఊరు, బీచ్ ఇసుక చదువు

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సంవత్సరం. కాలేజీ టూర్‌లో భీమిలి బీచ్‌కు పోతే నల్ల ఇసుక మీద ఎవరో రేడియేషన్ కొలిచే మీటర్ పెట్టి చూపించారట. అప్పటినుంచి ఇసుకలో రేడియేషన్, తీరం కోత మీదే చదువుతానంటోంది. బీఎడ్ అంటే వినడం లేదు. మనకు సముద్రమెక్కడిది సార్? ఆరోగ్యం పాడవుతుందేమో. ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఆ మీటర్ ఏం చెప్పిందో మీకూ తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఇంట్లో బియ్యం గాలించడం చూసే ఉంటారు. గిన్నె తిప్పుతుంటే బియ్యం నీళ్లతో జారిపోతాయి, రాళ్లు అడుగున ఉండిపోతాయి. అలలు చేసేదీ అదే. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త పైగా బరువు, నల్ల ఇసుకలో కలిసి ఉండే మోనజైట్ అనే ఖనిజం దాదాపు ఐదు రెట్లు. తీరం కోసుకుపోయే చోట తేలిక ఇసుక కొట్టుకుపోయి ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు మిగులుతాయి. మోనజైట్‌లో రేడియేషన్ వెలువరించే థోరియం ఉంటుంది కాబట్టి అక్కడ మీటర్ తరచు ఎక్కువ చూపిస్తుంది. అలాగని ఒక్క రీడింగ్‌తో కోత అని తేల్చేయరు. ఆ ఇసుక ఏ కొండల నుంచి వచ్చిందో చూడాలి, ఏళ్లనాటి ఉపగ్రహ చిత్రాలతో పోల్చాలి.

సముద్రం మనకు మరీ అంత దూరం కాదు. మంగపేట దగ్గర గోదావరిలో కనిపించే ఇసుకే వరద వరదకూ కదులుతూ డెల్టా వైపు పోతుంది. ఆనకట్టల వెనక మేట ఆగిపోవడం అక్కడి తీరం కోతకు ఒక కారణం.

ఆరోగ్యం గురించి భయం వద్దు. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక మీదే జనం తరతరాలుగా బతుకుతున్నారు. వాళ్లను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనంలో క్యాన్సర్ అదనంగా ఉన్నట్టు తేలలేదు. మీ బిడ్డ ముట్టుకునేది డబ్బాడు ఇసుక.

ఇక ఉద్యోగం. నిజం చెప్పాలంటే 'ఇసుక రేడియేషన్ ఆఫీసర్' అనే పోస్టు ఎక్కడా లేదు. ఇది పీహెచ్‌డీ అంశం. అక్కడికి ఏ తలుపు గుండా వెళ్లాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి. డిగ్రీలో జియాలజీ చదవలేదు కాబట్టి ఎమ్మెస్సీ జియాలజీ కష్టం. ఫిజిక్స్, జియోఫిజిక్స్ (భూమిని ఫిజిక్స్ పద్ధతులతో చదవడం) రెండూ తెరిచే ఉన్నాయి. ఫిజిక్స్ అయితే హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్ రాస్తే నిట్ వరంగల్ కూడా ఉంది. జియోఫిజిక్స్‌కు ఉస్మానియా, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. నా ఓటు జియోఫిజిక్స్‌కే. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు, అణు ఖనిజాలు వెతికే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏఎండీ వైపూ వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఏఎండీ ప్రధాన కార్యాలయం బేగంపేటలో, జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్‌లో. సముద్రం లేకపోయినా ఆఫీసులు మన దగ్గరే ఉన్నాయి! పోటీ మాత్రం గట్టిది, రెండు మూడేళ్లు పట్టొచ్చు. బీఎడ్ ఎటూ పోదు, తర్వాతైనా చేయొచ్చు. లక్షలు తీసుకుని న్యూక్లియర్ డిప్లొమా అంటూ ఆశపెట్టే వాళ్ల దగ్గరికి మాత్రం పోకండి.

నాకు ఒక్కటే అనుమానం. మీటర్ టిక్ టిక్ బాగుంటుంది, అసలు పని అలా ఉండదు. తెచ్చిన ఇసుక ఆరబెట్టి, జల్లించి, డబ్బాలో గాలి చొరకుండా మూసి దాదాపు నెల రోజులు ఆగాలి. లోపల పుట్టే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు నిలకడకు రావాలి. ఆ తర్వాత సీసపు పెట్టెలోని డిటెక్టర్ ముందు గంటల కొద్దీ రేడియేషన్ లెక్కింపు. గ్రాఫ్‌లో 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తి కొలత) దగ్గర శిఖరం లేస్తే పొటాషియం, 2614 దగ్గర లేస్తే థోరియం. ఇలా వందసార్లు.

అందుకని ఈ సెలవుల్లో మంగపేట వైపు వెళ్లి రెండు కిలోల గోదావరి ఇసుక తెచ్చుకోమనండి. పళ్లెంలో నీళ్లు పోసి గాలించి, అడుగున మిగిలిన నల్ల గింజలు ఆరాక, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి అంటుకునేవి ఒక పక్క, అంటనివి ఒక పక్క వేరు చేసి, రెండూ తూకం వేసి రాసుకోవాలి. మర్నాడు ఇంకో చోటి ఇసుకతో మళ్లీ అదే పని. వారం రోజులు విసుగు లేకుండా చేస్తే ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి, ఫారాలు నేనే దగ్గరుండి నింపిస్తాను.