వాటర్ రాకెట్ లాంచర్: తాడు లాగినప్పుడే బాటిల్ వదలాలంటే?

వాటర్ రాకెట్ అంటే కొన్ని నీళ్లు పోసిన బాటిల్‌లోకి గాలి కొట్టి, ఆ ఒత్తిడితో పైకి ఎగరేసేది. బాటిల్ మూతికి కార్క్ పెడితే మనం వదలకముందే ఊడిపోతోందని అడిగారు కదా. అలా కార్క్ బిగిస్తే నాలుగైదు పంపులకే జారిపోతుంది, అది మీ తప్పు కాదు, రాపిడి తప్ప దాన్ని పట్టుకునేది ఇంకేం లేదు కదా. మేం తిరుపతిలో మేడ మీద అలాగే మొదలుపెట్టి ఒంటినిండా తడిశాం.

అరంగుళం పీవీసీ పైపు కూల్‌డ్రింక్ బాటిల్ మెడలో దాదాపు సరిగ్గా దూరుతుంది. పైపు మీద, మెడ లోపలికొచ్చే చోట ఆకురాయితో చిన్న గాడి తీసి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) వేయండి, లీకు అక్కడే ఆగాలి. తర్వాత పైపు చుట్టూ ఎనిమిదో పదో కేబుల్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) నిలబెట్టి, కింద క్లాంపుతో బిగించి, వాటి తలలు బాటిల్ మెడకున్న అంచు మీద కూర్చునేలా చూసుకుని, పైనుంచి ఒకటిన్నర అంగుళం పైపు ముక్క తొడిగితే అవి కదలవు. ఆ ముక్కకు కట్టిన తాడు కిందికి లాగగానే టైలు విచ్చుకుంటాయి, రాకెట్ లేస్తుంది.

పైపు రెండో చివర పాత ట్యూబ్ వాల్వ్, దానికి సైకిల్ పంపు. నీళ్లు మూడో వంతు, గాలి ఒత్తిడి 40-50 పీఎస్ఐ (పంపు మీటర్‌లో కనిపించే కొలత) చాలు. మామూలు నీళ్ల బాటిల్ వద్దు, పగులుతుంది. తాడు 10 మీటర్లు ఉండాలి, శ్రీహరికోట మన జిల్లాలోనే ఉందని ధైర్యం చేసి దగ్గర నిలబడకండి!