పాత బుల్లెట్ వెనక చక్రంలో స్పోకులు వరసగా విరుగుతున్నాయి. విరిగినవి మారిస్తే చాలా, సెట్టంతా మార్చాలా?

సెట్టంతా మార్చండి. మీది 1976 మోడల్ 350 అన్నారు, రోజూ చెన్నైలో అంబత్తూరు నుంచి గిండీ దాకా తిరుగుతుందన్నారు. ఈ ఏడాదిలో వెనక చక్రంలో మూడు స్పోకులు పోయాయి, మెకానిక్ ప్రతిసారీ విరిగినదొక్కటే వేసి పంపుతున్నాడు, పైగా బండి కొంచెం ఊగుతోంది. ఇంట్లో కూర్చుని చక్రం మొత్తం కొత్త స్పోకులతో అల్లుకోగలనా అన్నది మీ రెండో ప్రశ్న. అల్లుకోవచ్చు. పెరంబూర్‌లో మా మేడ మీద నా బుల్లెట్ చక్రాలు రెండూ నేనే అల్లుకున్నాను, వాటి మీదే తిరుగుతున్నాను.

స్పోకు బరువు మోయలేక విరగడం అరుదు. చాలామటుకు వదులైతేనే విరుగుతుంది. చక్రం తిరిగేటప్పుడు కిందికి వచ్చిన స్పోకుల మీద లాగుడు తగ్గుతుంది, పైకి పోగానే మళ్ళీ పెరుగుతుంది. 3.25-19 టైరున్న చక్రం కిలోమీటరుకి ఇంచుమించు 500 సార్లు తిరుగుతుంది. బిగువు సరిపడా ఉంటే ఈ హెచ్చుతగ్గులు స్పోకుకి లెక్కలోకి రావు. వదులుగా ఉంటే మాత్రం స్పోకు తల (చక్రం మధ్యనుండే హబ్‌లో కూర్చునే కొస) దగ్గరి వంపు ప్రతి చుట్టుకీ కొంచెం కదులుతుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే, అక్కడే తెగుతుంది. మీ దగ్గర విరిగిన ముక్కలుంటే చూడండి, చాలామటుకు ఆ వంపు దగ్గరే పోయి ఉంటాయి. ఒకటి పోయాక దాని లాగుడు పక్కవాటి మీద పడుతుంది, ఈసారి వాటి వంతు. అందుకే మీ మెకానిక్ వేసిన కొత్త స్పోకు బాగానే ఉంటోంది, దాని పక్కది పోతోంది.

సామాన్ల సంగతి. మన ఊళ్ళో బుల్లెట్‌కి స్పోకు సెట్టు దొరకడం కష్టం కాదు, ఈ బండి పుట్టిందే తిరువొత్తియూర్‌లో కదా. జీపీ రోడ్‌లో అడగండి. వెళ్ళేటప్పుడు నాలుగు రకాల పాత స్పోకులూ ఒక్కోటి చేతిలో పట్టుకెళ్ళండి: ఎడమ లోపలిది, ఎడమ బయటిది, కుడి లోపలిది, కుడి బయటిది. పొడవే కాదు, తల దగ్గరి వంపు కోణం కూడా తేడాగా ఉంటుంది. ఏ సంవత్సరం మోడల్ అని అడిగి ఇచ్చే సెట్టుని నేను నమ్మను, ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు హబ్బో రిమ్మో మార్చే ఉంటారు. పుదుపేటలో పాత రిమ్ములు కుప్పలుగా ఉంటాయి, ధరకి మనసు లాగుతుంది కూడా. కానీ అంచు నొక్కుకుపోయిన రిమ్ముని, నిపుల్ (స్పోకు కొసని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) గుంటల దగ్గర తుప్పు తినేసిన రిమ్ముని ఏ స్పోకూ సరిచెయ్యదు. హబ్బు పాతదే ఉంచండి, రిమ్ము మీద అనుమానముంటే కొత్తది కొనండి.

మన సముద్రపు గాలికి మామూలు జింక్ పూత ఎక్కువ కాలం ఆగదు. అందుకే నేను స్టెయిన్‌లెస్ స్పోకులు వేసుకున్నాను. నిపుల్స్ మాత్రం నికెల్ పూత ఉన్న ఇత్తడివి. రెండూ స్టెయిన్‌లెస్ అయితే బిగించేటప్పుడే మర పట్టేసి ఇరుక్కుపోవచ్చు, ఇరుక్కుంటే కోయడం తప్ప దారి లేదు. ఏ రకమైనా సరే, ప్రతి మరకీ నిపుల్ కూర్చునే చోటికీ కొంచెం గ్రీజు రాయండి.

ఇక పాత స్పోకులకి కట్టర్ పెట్టకముందు చెయ్యాల్సిన పని. అందరూ అల్లడమే కష్టమనుకుంటారు, నా లెక్కలో చక్రం పాడయ్యేది ఇక్కడే. ఉక్కు స్కేలొకటి హబ్ ముఖానికి ఆనించి, అక్కడి నుంచి రిమ్ము అంచు ఎంత దూరంలో ఉందో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. రిమ్ము సరిగ్గా హబ్ నడిమధ్యలోనే ఉండాలని రూలేం లేదు, బండి ఎలా కోరితే అలా పక్కకి జరిగి ఉంటుంది. ఇది రాసుకోని షాపు పని ఎలా ఉంటుందో నేను చూశాను. పేరు అనవసరం. చక్రం ఒక్క వంకర లేకుండా గుండ్రంగా తిరుగుతోంది, కానీ మొత్తంగా ఒక పక్కకి జరిగి ఉంది, బండి రోడ్డు మీద ఎప్పుడూ ఒకవైపే లాగేది. మీ బండి ఊగుతోందన్నారు కాబట్టి మీ కొలత ఇప్పటికే తప్పిపోయి ఉండొచ్చు. విప్పకముందే చక్రాలు రెండూ నేరుగా పెట్టి, వెనక టైరు రెండు పక్కలా దారం లాగి ముందు టైరు దాకా పట్టి చూడండి. రెండు పక్కలా ఎడం సమానంగా ఉండాలి. తేడా ఉంటే ముందు చెయిన్ అడ్జస్టర్లు సమంగా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే రిమ్ముని అనుమానించండి.

రెండు వైపులా ఫోటోలు తీయండి. వాల్వ్ రంధ్రం పక్కన ఏ స్పోకు ఎటు వాలిందో స్పష్టంగా కనపడాలి. రిమ్ము ఏ వైపు ఎటో సుద్దతో గుర్తు పెట్టండి, ఎందుకంటే రంధ్రాలు ఏటవాలుగా పొడిచి ఉంటాయి, ఒక్కోటీ తనకి రాబోయే స్పోకు వైపే చూస్తుంటుంది. రిమ్ము తిరగేస్తే నిపుల్ దగ్గర ప్రతి స్పోకూ వంగి కూర్చుంటుంది.

అల్లడానికి వస్తే, బుల్లెట్‌కి 40 స్పోకులు, హబ్ అంచుకి ఇరవై. అందులో పది అంచుకి లోపలి పక్కన సాగుతూ ఒకవైపుకి వాలతాయి, మిగతా పది బయటి పక్కన సాగుతూ ఎదురువైపుకి వాలతాయి. లోపలివి ముందు, రెండు అంచులకీ. బయటివి ముందు వేస్తే లోపలివి దూర్చడానికి చోటుండదు. రిమ్ము మీద నాలుగేసి రంధ్రాల గుంపులు పది ఉన్నాయనుకుని లెక్కపెట్టండి, ప్రతి గుంపులో నాలుగు రకాలూ ఒక్కోటి పడతాయి. మొదటి గుంపు ఫోటోతో సరిపోతే మిగతాది చెయ్యి తనంతట తనే చేసుకుపోతుంది. నిపుల్స్ రెండు మూడు చుట్లే వెయ్యండి, అన్నీ పడ్డాక గానీ బిగించకండి. ఆ తర్వాత ప్రతిదాన్నీ మర కనపడీ కనపడనట్టుగా ఒకే లోతుకి తీసుకురండి. అక్కడి నుంచి వాల్వ్ దగ్గర మొదలుపెట్టి ఒక్కోటీ అర చుట్టు, మళ్ళీ అర చుట్టు. ఇక్కడ తొందరపడితే ఆ తర్వాత వంకర తీయడానికి రెట్టింపు టైం పడుతుంది.

వంకర తీయడానికి స్టాండు కొననక్కర్లేదు. చక్రాన్ని బండికే, అది కూర్చునే స్వింగ్ ఆర్మ్‌లోనే పెట్టి, గట్టి తీగ ముక్కొకటి రిమ్ము అంచుకి దగ్గరగా కట్టుకోండి. ముందు ఎత్తుపల్లాలు చూడండి, పక్కల ఊగడం తర్వాత. ఈ వరస మార్చొద్దు, పక్కలు సరిచేశాక ఎత్తు దిద్దితే పక్కలు మళ్ళీ చెడతాయి. రిమ్ము బయటికి పొడుచుకొచ్చిన చోట రెండు వైపుల స్పోకులూ బిగించాలి. లోపలికి దిగిన చోట రెండు వైపులా వదలాలి. ఎడమకి వాలితే అక్కడి ఎడమ స్పోకులు కాస్త వదిలి కుడివి బిగించాలి. ఎప్పుడైనా పావు చుట్టే, ఒక్క స్పోకుతో కాకుండా మూడు నాలిగింటికి పంచి. టైరు వైపు నుంచి చూస్తే నిపుల్ గడియారం దిశలో బిగుస్తుంది, హబ్ వైపు నుంచి చూస్తే అదే తిరగబడి కనిపిస్తుంది. మధ్యమధ్య పక్కపక్క స్పోకుల్ని జంటగా చేత్తో గట్టిగా నొక్కండి, తలలు హబ్‌లో కూర్చుంటాయి. చాలా బళ్ళ మాన్యువల్స్‌లో రెండు దిశల్లోనూ 2 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. ఓపికగా చేస్తే ఒక మిల్లీమీటరుకి వస్తుంది. రిమ్ము అతుకు దగ్గర చిన్న ఎగుడు ఎప్పుడూ ఉంటుంది, దాన్ని వెంటాడకండి.

పుదుపేట దగ్గర నాకు తెలిసిన మెకానిక్ ఒకాయనది నెల్లూరు. ఎన్నో ఏళ్ళుగా ఇదే పని. స్పోకు మీద స్పానర్‌తో తట్టి చెవి పెడతాడు. "టింగుమంటే చాలు కదన్నా?" అంటే, "ఒక్కటి టింగుమంటే ఏం లాభం తమ్ముడూ, పక్కదీ అదే సుతి పలకాల" అన్నాడు. ఒకే వైపు, ఒకే రకం స్పోకుల్ని పోల్చి వినండి. రెండు స్పోకులు ఒకదాన్నొకటి తాకే చోట శబ్దం మూగబోతుంది, దాన్ని చూసి వదులనుకోకండి.

టైరు ఎక్కించే ముందు నిపుల్ దాటి పైకొచ్చిన కొసలన్నీ ఆకురాయితో అరగదీసి, కొత్త రిమ్ టేపు వెయ్యండి. లేకపోతే ట్యూబు వారం తిరక్కుండా పంక్చరవుతుంది. 100, 200 కిలోమీటర్లు తిరిగాక అన్నీ ఒకసారి మళ్ళీ తట్టి చూసి, వదులైనవి బిగించండి.

వెనక చక్రం ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి హబ్‌లో ఇంజిను కుదుపుని మింగే కుష్ రబ్బర్లు కూడా చూడండి. అవి గట్టిపడి చితికిపోయి ఉంటే, మీరు గేరు వేసి క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజిను కుదుపు నేరుగా కొత్త స్పోకుల మీదే పడుతుంది.

అల్లడం వరకు మీరు చేసుకుని, ఆఖరి వంకర తీయడం పాతకాలపు సైకిల్ షాపులోనో బుల్లెట్ మెకానిక్ దగ్గరో చేయించుకున్నా తప్పేం లేదు. "కోట్టం ఎడుక్కణుం" (వంకర తీయాలి) అని తమిళంలో అడిగితే ఎవరైనా చేసిపెడతారు. మీరు రాసుకున్న ఆ మిల్లీమీటర్ల కొలత మాత్రం కాగితం మీద రాసి చక్రంతో పాటే ఇవ్వండి, తిరిగి తెచ్చుకునేటప్పుడు అక్కడే స్కేలు పెట్టి చూసుకోండి.